మూడో ప్రకటన

మంగళవారం పొద్దున్న కొత్తవలస స్టేషన్లో విజయనగరం పాసింజరు కోసం నిలబడి షీబా ఫోను తీసింది. తన పేజీ కనిపించలేదు. సిగ్నలు లేదేమో అనుకుంది. ఫోను ఆపి మళ్ళీ వెలిగించింది. బండి వచ్చింది, ఎక్కింది, కిటికీ పక్కన చోటు కూడా దొరికింది. అలమండ దాటాక చూసినా అదే మాట: ఈ పేజీ అందుబాటులో లేదు.

పోయింది ఆషామాషీ పేజీ కాదు. దాని పేరు ‘కొత్తవలస టు కొరియా’. మూడేళ్ళ కష్టం, రెండువందల పన్నెండు పాటలు. షీబా విజయనగరంలో రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. రోజూ రైల్లో పోయే వచ్చే సమయంలో పక్కవాళ్ళు సీరియళ్ళు చూసుకుంటుంటే ఈ పిల్ల కొరియా అక్షరాలు దిద్దుకుంది. బడి లేదు, బెత్తం లేదు, చెప్పే పంతులు లేడు. జుట్టుకు ఊదారంగు వేసుకుని ఆడిపాడే ఐదుగురు కొరియా కుర్రాళ్ళంటే ఆమెకు ప్రాణం. ఆ పాటలకు ఇంగ్లీషులో అర్థాలు రాసేవాళ్ళు కోకొల్లలు. షీబా తెలుగులో రాసింది. అదీ పుస్తకాల తెలుగు కాదు, ఇంట్లో వాళ్ళమ్మ మాట్లాడే తెలుగు. ‘నువ్వు నేని ఇంట్లో ఎన్ని దీపాలెట్టినా సీకటే’ అని ఒక పాటకు రాస్తే, టెక్కలి నుంచి పార్వతీపురం దాకా ఆడపిల్లలు ‘అక్కా, ఇది మా మాటే’ అని కింద రాసుకున్నారు. చూస్తుండగానే ఆరువేలమంది చేరారు.

ఆ పేజీ పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసు. ఒకరు షీబా. రెండోవాడు బెన్హర్. మొన్న ఆదివారం చర్చిలో పాస్టరు పరంజ్యోతిగారు పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చదివే వివాహ ప్రకటనల్లో మొదటిది చదివినప్పుడు షీబా పేరు పక్కన వినబడ్డ పేరు అతనిదే.

ల్యాబు చేరేదాకా కూడా ఆగలేక, బండి తలుపు దగ్గర నిలబడే ఫోను చేసింది.

“బెన్నీ, నా పేజీ ఏటయినాది?”

“తీసీసినాను,” అన్నాడు అతను, గోడమీది పాత క్యాలెండరు తీసేసినంత తేలిగ్గా. “మాయమ్మ సూసినాది. మొగోళ్ళు మూతికి రంగేసుకుని గెంతడమేటి, నాకు కాబోయే పెళ్ళాం దానికి అర్థాలు రాయడమేటి? ప్రకటన కూడా అయిపోనాది. సంఘంలో నలుగురూ ఏటనుకుంతారు?”

“నీకూ ఇష్టమన్నావు కదా! ప్లాట్‌ఫారం మీద స్టెప్పు కూడా ఏసినావు!”

బెన్హర్ నవ్వాడు. “అప్పుడు నువ్వు నాకు పడాల కదేటి.”

షీబాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోరుకొండ స్టేషన్లో బండి ఆగింది, జనం దిగారు, ఎక్కారు, ఆమెను తోసుకుంటూ పోయారు. ఆమెకు ఒళ్ళు తెలియలేదు.

“తిరిగి తే,” అంది.

“రాదు. మొత్తం డిలీట్ కొట్టీసినాను. పోనీలెద్దూ, పెళ్ళయినాక ఇద్దరికీ కలిపి ఒక పేజీ ఎడదాం. మన ఫోటోలు ఎట్టుకుందాం.”

ఈ మహానుభావుడు కూడా ఇదే బండిలో దొరికినవాడే. ఏడాది కిందట షీబా ఫోను కవరు మీద ఆ ఐదుగురి బొమ్మ చూశాడు. ఆ బొమ్మ చూసిన ప్రతివాడూ ‘వీళ్ళు ఆడోళ్ళా మొగోళ్ళా’ అని అడిగేవాడు. బెన్హర్ మాత్రం “వీళ్ళల్లో నీకు ఎవరిష్టం?” అని అడిగాడు. అభిమానులు అడగవలసిన మాట అదే. షీబా అక్కడే కరిగిపోయింది. వారం తిరిగేసరికి ఐదుగురి పుట్టినరోజులూ ఒప్పజెప్పాడు. విజయనగరంలో బైకుల షోరూములో ఉద్యోగం, బాప్టిస్టు కుటుంబమే, చర్చిలో గిటారు కూడా వాయిస్తాడు. ఇంకేం కావాలి? ‘ఆన్‌లైన్లో ఉండి నాకు రిప్లై ఇవ్వవేటి’ అని అడిగినా, ‘లొకేషన్ పెట్టు’ అన్నా, ‘వీడియోకాల్ చేసి పక్కన ఎవరున్నారో చూపించు’ అన్నా, ఆమెకు ముద్దుగానే తోచింది. ఈ రోజుల్లో ప్రేమంటే సగం హాజరుపట్టీయే కదా. ల్యాబులో పనిచేసే పిల్లలందరికీ అదే తంతు. పూర్వం మనసులు మార్చుకునేవారట, ఇప్పుడు పాస్‌వర్డ్‌లు మార్చుకుంటున్నారు.

ఆ పాస్‌వర్డ్ కూడా ఊరికే పోలేదు. ప్రధానం అయ్యాక పాస్టరుగారు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఆలుమగల మధ్య దాపరికాలు ఉండకూడదని చెప్పారు. పాపం, ఆయన మనసు గురించి చెప్పారు. బెన్హర్ చర్చి మెట్లు దిగుతూనే ఫోను గురించి విన్నట్టు “అయ్యగారే సెప్పినారు కదా, మార్చుకుందాం” అన్నాడు. షీబా తన పేజీ పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఇచ్చింది. అతను తన పేజీది ఇచ్చాడు. ఆమె దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. నమ్మకమంటే అదే అనుకుంది.

ఇవాళ ల్యాబులో మొదటి సారిగా తెరిచింది. మూడు బైబిల్ వాక్యాలు, ఒక సూర్యోదయం, పదకొండుమంది స్నేహితులు. పాస్టరుగారు దాపరికాలు వద్దన్న రోజే ప్రారంభించిన పేజీ అది. ఆమెకు ఇవ్వడానికని ప్రత్యేకంగా చేసిన ఉత్త పేజీ. అతని అసలు పేజీ, ఆమె రోజూ చూసేది, వేరే పేరుతో నిక్షేపంగా నడుస్తూనే ఉంది. నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలయ్యాయంటే ఇదే. ఆ పూట షీబా ఎవరి చేతికి సూది గుచ్చడానికీ ముందుకు రాలేదు.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పింది. లీలారాణి అంగన్‌వాడీ టీచరు, చర్చి పాటల బృందంలో పెద్ద గొంతు ఆమెదే. కూతురి కొరియా పిచ్చి ఆమెకు మొదట్నుంచీ కంటగింపే. ఆ దేశంలో ప్రియుణ్ణి కూడా అన్నయ్య అనే మాటతోనే పిలుస్తారని షీబా ఒకసారి చెబితే, “సీ, సీ! అన్నా అని పిలిసి పెళ్ళాడతారేటి? బావా అనడానికి నోరు రాదా?” అని చెంపలు వేసుకుంది.

ఇప్పుడూ అదే ధోరణి. “పాటల గురించి పెళ్ళి సెడగొట్టుకుంతావేటే? మొగోడన్నాక ఆమాత్రం కట్టడి ఉంటాది. ఒక ప్రకటన అయిపోనాది, ఇంకా రెండున్నాయి. నోరు మూసుకుని కూకో.”

“నన్ను అడక్కుండా తీసీసినాడమ్మా!”

“అడిగితే ఇస్తావేటి?”

షీబా తండ్రి వైపు చూసింది. విక్టర్ రైల్వేలో కీమేన్. రోజూ తెల్లారేసరికి సుత్తి, ఎర్రజెండా పట్టుకుని మైళ్ళకొద్దీ పట్టాల వెంట నడిచి, ఊడిన కీలు బిగించడం ఆయన పని. ముప్పై ఏళ్ళుగా ఆయన మాటల కంటే ఆయన సుత్తి చప్పుడే ఎక్కువ వినబడింది. ఆయన అన్నం కలుపుకుంటూ కూతురి మొహం చూశాడు, మళ్ళీ కంచంలోకి చూసుకున్నాడు. బెన్హర్ మీద వచ్చిన కోపం కన్నా ఆ మౌనం మీద వచ్చిన కోపమే షీబాను ఎక్కువ కాల్చింది.

రెండో ఆదివారం వచ్చింది. పరంజ్యోతిగారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. “ఈ వివాహమునకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల సంఘమునకు తెలియజేయవలెను. ఇది రెండవ ప్రకటన.” ఆ వాక్యం తరవాత ఆయన కాసేపు ఆగుతారు. ఎవరో లేస్తారని కాదు, పాటల బృందానికి పేజీలు తిప్పుకోవడానికి ఆ వ్యవధి సరిపోతుందని. ఆ చర్చిలో లేచినవాడు ఇంతవరకు లేడు. ఆ సంగతి షీబా కన్నా బాగా ఎవరికీ తెలియదు, ఎందుకంటే దస్తూరీ బావుంటుందని సంఘం రిజిస్టరు రాసేది ఆమే. ప్రతి పెళ్ళి కిందా ఒక్కో ప్రకటనకూ మూడేసి గళ్ళు ఉంటాయి: అభ్యంతరం తెలిపినవారి పేరు, వధువుకు ఏమవుతారు, కారణం. నాలుగేళ్ళుగా ఆ గళ్ళలో ఆమె ‘లేదు’ అనే రాస్తోంది. ఆ ఆదివారం తన పేరు కింద కూడా ‘లేదు’ అని రాసింది. రాసినందుకు తన చెయ్యి తనే నరుక్కోవాలన్నంత కోపం వచ్చింది.

బుధవారం భావనపాడు నుంచి హేమ ఫోను చేసింది. చేపలు పట్టేవాళ్ళ పిల్ల, పేజీ వల్లే పరిచయం. షీబాను కళ్ళతో ఎప్పుడూ చూడలేదు.

“అక్కా, పేజీ ఏటయిపోనాది? నాను రోజూ సూస్తన్నాను, రాట్లేదు.”

“పోనాది హేమా. మరి రాదు.”

“తుపానులో మా అన్న బోటు నాలుగు రోజులు రానేదు, గుర్తున్నాదా అక్కా? ఆ దీపాల పాట కింద రాసుకున్నాను. నలభైమంది రాసినారు, ఎవులో ముక్కూమొగం తెలీనోళ్ళు, మీ అన్న వచ్చెస్తాడు, ఏడవకు అనీసి. వచ్చినాడు. అప్పుడప్పుడు అయ్యి సదువుకునేదాన్ని. అయ్యి కూడా పోనాయేటి?”

“పోనాయి.”

“ఎవులు తీసినారు?”

షీబా చెప్పింది.

“ఆడెవుడక్కా,” అంది హేమ, గొంతు పెంచి. “మాం రాసుకున్నవి తియ్యడానికి ఆడెవుడు?”

నాకు కాబోయే మొగుడు అని చెప్పాలి. షీబా నోరు తెరిచింది. ఆ మాట రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. ఫోను పెట్టేశాక, ఇక ఎప్పటికీ రాదని అర్థమైంది.

మూడో ఆదివారం బెన్హర్ తన తల్లి బేబీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు. మగవాళ్ళ వైపు మొదటి బెంచీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, ఆడవాళ్ళ వైపు తిరిగి షీబాకు కన్నుగీటాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. వీడు ఏరు సగంలో ఉండగానే బోడి మల్లయ్య అన్నాడు, అదే వాడి తప్పు.

పరంజ్యోతిగారు చదివారు. అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను అన్నారు. ఆగారు. పాటల పుస్తకాల్లో పేజీలు తిరుగుతున్నాయి.

షీబా లేచి నిలబడింది.

“ఏమ్మా, మంచినీళ్ళా?” అన్నారు ఆయన.

“కాదండి అయ్యగారూ. అభ్యంతరం ఉన్నాది.”

పేజీల చప్పుడు ఆగిపోయింది. పరంజ్యోతిగారు కాగితం చూసుకున్నారు, ఆమెను చూశారు. “నువ్వు పెళ్ళికూతురివి కదమ్మా.”

“ఎవరికైనా అన్నారు కదండి. నాకుంది.”

లీలారాణి కూతురి చున్నీ పట్టుకుని కిందికి లాగింది. బెన్హర్ లేచాడు. “షీబా, కూకో. పిచ్చి పాటల గురించి పదిమందిలో ఈ గొడవేటి? అయ్యగారూ, కొరియావోళ్ళ పాటలండి, మగాళ్ళు లిప్‌స్టిక్కులేసుకుని...” వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ నవ్వు వినగానే షీబాలో ఉన్న కాస్త బెరుకూ కాలిపోయింది.

“నవ్వండి! మన సేతుల్లో ఉన్న ఈ పాటల పుస్తకమేటండి? ఇందులో సగం సముద్రం అవతల్నుంచి వచ్చినవే. ఎవరో కూకుని, భాష నేర్చుకుని, మన తెలుగులోకి తెచ్చినారు. అందుకే మా జేజమ్మ సచ్చిపోయినప్పుడు మనకి పాడుకోడానికి పాట ఉన్నాది. ఆ పుస్తకం ఎవరైనా పొయ్యిలో ఎడితే ఊరుకుంతారేటి? నానూ అదే పని సేసినాను. మూడేళ్ళు. మీరు దాపరికం ఉండకూడదన్నారని నమ్మి తాళం ఇచ్చినాను అయ్యగారూ. ఈయన నాకు ఉత్త ఇంటి తాళం ఇచ్చి, నా ఇల్లు తగలెట్టీసినాడు. తగలెట్టి నవ్వినాడు. పాటల గురించి కాదండి. ఈయన నవ్వినాడు!”

“ఒసే, కూకోయే, పరువు తీస్తన్నావు,” అని లీలారాణి చున్నీ మరింత గట్టిగా లాగింది.

మగవాళ్ళ వైపు వెనక బెంచీలోంచి విక్టర్ లేచాడు. ప్రార్థనలో తప్ప ఆయన గొంతు చర్చిలో ఎవరూ విని ఎరగరు.

“లీలా, చున్నీ వదిలీ,” అన్నాడు. “పట్టాలో కీ ఊడిపోనాదని తెలిసినాక, బండి లేటైపోద్దనీసి జెండా సూపించడం మానేస్తామేటి?”

లీలారాణి చెయ్యి వదిలేసింది. బేబీ కొడుకు చొక్కా పట్టుకుని, “ఇంకా నిలబడతావేటిరా, నడు,” అంది. ఇస్త్రీ చొక్కా, సెంటు గుమ్మం దాటిపోయాయి. కన్నుగీటడానికి ఆగలేదు.

పరంజ్యోతిగారికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఇటువంటిది ఏ పద్ధతుల పుస్తకంలోనూ లేదు. చివరికి బల్ల మీది రిజిస్టరు తెరిచి, తను రాయబోయి, ఏమనుకున్నారో, పెన్ను షీబా వైపు చాపారు.

షీబా నడిచి వెళ్ళి అందుకుంది. అభ్యంతరం తెలిపినవారి పేరు దగ్గర తన పేరు రాసింది. కారణం దగ్గర ‘నమ్మకద్రోహం’ అని రాసింది. మధ్యలో ఒక గడి మిగిలింది, వధువుకు ఏమవుతారు అన్నది. అక్కడ పెన్ను ఆగింది. కోపం ఇంకా చల్లారలేదు. గుండ్రటి అక్షరాలతో, తీరిగ్గా, ‘సొంత మనిషి’ అని రాసింది.

పాస్టరుగారు అది చదివి, కింద సంతకం పెట్టారు.