కొండ మీద నీటిచుక్క

దాతల నమోదు ఆఫీసులో పొద్దున్నే మొదటి పని గోడ మీది పటం చూడటం. మూలకణాల కోసం ఎదురుచూసే రోగికి సరిపోయే మనిషి ఏ ఊళ్ళో ఉంటే, పటంలో ఆ ఊరి మీద నీటిచుక్క పుడుతుంది. ఎదురుచూపు తీరగానే ఆరిపోతుంది. అటెండరు కింద పళ్ళెం పెట్టి తన పని తాను చూసుకుంటాడు.

శిబిరాలు ఎక్కడ పెట్టాలో తేల్చే ఆవిణ్ణి అందరూ శిబిరాలమ్మ అంటారు. ఆవిడకి కాలేజీలంటే ప్రాణం. ఒక్క పూటలో నాలుగొందల మంది బుగ్గల్లో దూదిపుల్ల తిప్పి నమూనాలు తీసెయ్యొచ్చు. రక్తంలో గుర్తులు నేలనేలకీ మారతాయని, పట్నం వాళ్ళని ఎంతమందిని పోగేసినా కొండవాళ్ళకి సరిపోరని తెలియక కాదు. కొండెక్కితే రోజుకి ముప్పై మంది దొరకరు, పైవాళ్ళేమో తలల లెక్కే అడుగుతారు. నాలుగేళ్ళ క్రితం కొండ మీద ఒకే ఊళ్ళో నాలుగు చుక్కలు పుడితే 'శిబిరం వచ్చే ఏడు' అని రాసింది. ఎండాకాలానికి అవి ఆరిపోయాయి. ఎక్కడో దాత దొరికుంటాడులే అనుకుని ఊపిరి పీల్చుకుంది.

ఇప్పుడు అలాంటి జబ్బే ఆవిడ తమ్ముడికి వచ్చింది. వాళ్ళ అమ్మమ్మది ఆ కొండే. తనూ సరిపోలేదు, నమోదైన లక్షల మందిలో ఒక్కరూ సరిపోలేదు. సోమవారం అదే ఊరి మీద ఒక్కటంటే ఒక్క చుక్క పుట్టింది. శిబిరాలమ్మ ఎవర్నీ అడక్కుండా జీపెక్కింది.

క్వారీ మూతపడి ఊరంతా ఎటో దిగిపోయింది. తాళాలు పడ్డ ఇళ్ళ మధ్య ఒక్క వాకిట్లోనే బట్టలు ఆరుతున్నాయి. ఆ ఇల్లాలు దూదిపుల్ల చూసి ఇదేమిటని అడగలేదు.

"మా అబ్బాయికి జబ్బు చేసినప్పుడు నాకూ మా ఆయనకీ తిప్పారు. సరిపోలేదు. మీ పుస్తకంలో మా కొండవాళ్ళే లేరన్నారు."

"ఎప్పుడమ్మా?"

"నాలుగేళ్ళయింది. ఎండాకాలం దాకా ఉన్నాడు."

ఆ చుక్కలు ఎందుకు ఆరిపోయాయో శిబిరాలమ్మకి ఇప్పుడు తెలిసింది. ఆ పిల్లాడికి సరిపోయే నలుగురు ఈ వీధిలోనే తిరిగి ఉంటారు. అబద్ధం చెబుదామనుకుంది, నోరు రాలేదు.

"అప్పుడే రావాల్సిందమ్మా. మీ ఊళ్ళో నలుగురున్నారని మా పటం చెప్పినా నేను రాలేదు. ఇప్పుడు మా తమ్ముడి కోసం వచ్చాను."

ఇల్లాలు తలుపు రెక్క పట్టుకుంది. ఈవిడ తలుపేసుకుంటే తమ్ముడి పని అయిపోయినట్టే.

"మీవాడికెన్నేళ్ళు?"

"ఇరవయ్యారు."

"మావాడికి తొమ్మిది."

ఇల్లాలు గడప మీద కూర్చుని నోరు తెరిచింది. శిబిరాలమ్మ దూదిపుల్ల పొట్లం విప్పేదాకా అలాగే తెరిచి ఉంచింది.