పక్క కుర్చీలోని మొహం

"పరీక్ష మీకు కాదు, ఈ తెరకి. మీరు తడబడితే తప్పు నాది" అని అతను ప్రతిసారీ చెప్పేవాడు. ఎదుటివాళ్ళు తలూపేవారు. నమ్మినట్టు మాత్రం ఎవరూ కనిపించేవారు కాదు.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. ఏ మూట ఏ యంత్రంలో పడింది, ఉతికాక ఎటు పోవాలి అన్నదంతా ఇకనుంచి కంప్యూటర్లోనే నడవాలని యాజమాన్యం నిర్ణయించింది. అందులో కనబడే తెరలు, బటన్లు గీసినవాడు అతనే. సోమవారం నుంచి అవి వాడకంలోకి రావాలి. ఈలోగా, వాటిని వాడబోయేవాళ్ళని ఒక్కొక్కరినీ స్టోరు పక్కగదిలో కూర్చోబెట్టి, ఓ చిన్న పని అప్పజెప్పి, ఎక్కడ తడబడతారో పక్క కుర్చీలోంచి గమనించాలి. నియమం ఒక్కటే: పక్కనున్నవాడు నోరు మెదపకూడదు.

ఆ నియమం అతనికి కొలతలు తీసి కుట్టించినట్టు సరిపోయింది. చిన్నప్పటినుంచీ మాట తక్కువ మనిషి. గదిలో ఉన్నా లేనట్టే ఉంటానని, తన నీడ ఎవరిమీదా పడదని లోలోపల కాస్త గర్వం కూడా.

ఇంతవరకూ కూర్చున్నవాళ్ళంతా గట్టెక్కారు. మరక పోని దుప్పట్లని మళ్ళీ ఉతకడానికి వెనక్కి పంపడమే అన్నిటికన్నా చిక్కుపని. దానికోసం తెర మూలన సన్నని బాణం గుర్తు పెట్టాడు. అందరి వేళ్ళూ కాసేపు గాలిలో తచ్చాడి, చివరికి ఆ బాణం మీదే వాలాయి. చూసి మురిసిపోయాడు.

ఆ రోజు మడతల విభాగం నుంచి ఒకావిడ వచ్చింది. మెడకి పట్టీ ఉంది.

"నిద్రలో పట్టేసింది సార్. పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. మావాళ్ళు నన్ను రోడ్డు రోలరంటున్నారు."

పని మొదలైంది. మరకల మూట దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు ఆగింది. బాణం కనబడలేదు. పెద్ద పచ్చబటన్ నొక్కేసింది. మరకల దుప్పట్లు ఆసుపత్రి బండి ఎక్కేశాయి, తెరమీద. మళ్ళీ చేయమంటే మళ్ళీ అంతే. మూడోసారి భుజాలతో సహా అతనివైపు తిరగబోయి "అమ్మో" అని మూలిగింది.

ఇక ఉండబట్టలేక అడిగాడు. "ఇటెందుకు తిరుగుతున్నారు? తెర అటుంది కదా."

"తెరలో ఏముంది సార్, అంతా మీ మొహంలో ఉంటేనూ!" అందామె. "వేలు తప్పు దగ్గరికి పోతే మీ కనుబొమ్మ లేస్తుందట. సరైనదాని దగ్గరికొస్తే ఊపిరి వదులుతారట. మావాళ్ళు క్యాంటీన్లో చేసి మరీ చూపించారు. నా ఖర్మ, ఈ మెడ తిరగదాయె!"

అతని చెయ్యి తన కనుబొమ్మ మీదికి పోయింది.

"పాపం కష్టపడి చేసుకున్నారు, మనం తప్పు నొక్కితే ఆయనకి మాటొస్తుందని అనుకున్నాం సార్" అంది, ఓదారుస్తున్నట్టు.

సాయంత్రం ఇంట్లో భార్య బట్టలు మడతపెడుతుంటే అడిగాడు. "నా మొహంలో అన్నీ కనిపిస్తాయా?"

ఆమె పకపకా నవ్వింది. "ఇన్నేళ్ళూ నేను దేన్ని చూసి కాపురం చేశాననుకున్నారు?"

"నేనెప్పుడూ ఏమీ అనలేదే!"

"అంటే బావుండును. తిరిగి నేనూ నాలుగు అనేదాన్ని. కనుబొమ్మకి ఏం సమాధానం చెప్పను?"

నవ్వుతూనే అంది. కానీ అతను ఆ నవ్వులోంచి బయటికి రాలేకపోయాడు. ఇతరులకి చోటివ్వడమే అనుకున్న తన మౌనం, ఎదురు చెప్పడానికి వీల్లేని ఆజ్ఞగా చుట్టూ తిరుగుతోందన్నమాట. తాను లేనట్టు ఉన్న గది ఒక్కటీ లేదు.

మర్నాడు పొద్దున్నే సంగతి చెబితే మేనేజరు తేలిగ్గా తీసేశాడు. "ఒక్క మెడనొప్పి కోసం సోమవారాన్ని ఆపుతామా?"

"మెడనొప్పి లేనివాళ్ళమీదే నా అనుమానం" అన్నాడు అతను.

"అంటే చేసిన పరీక్షలన్నీ దండగని పైవాళ్ళకి చెప్పమంటావా? పోయేది నీ పరువేనయ్యా."

పరువు మాట గుచ్చుకుంది. ఊరుకుంటే ఎవరూ అడగరు. సోమవారం పక్క కుర్చీ ఉండదు, అతని మొహమూ ఉండదు. ఎవరో రోగి కింద మరకల దుప్పటి పరుస్తారు. తిట్లు మడతలావిడ తింటుంది. తప్పు నాదని అందరికీ చెప్పడం ఇన్నాళ్ళూ ఎంత సులువుగా ఉండేదో! ఎవరూ తడబడలేదు కనక.

"ఒక్కరితో మళ్ళీ చేయించి చూస్తాను" అన్నాడు.

అందరికన్నా చకచకా గట్టెక్కిన బండ్ల మేస్త్రీని పిలిచాడు. ఆ మేస్త్రీని అందరూ మెరుపు అంటారు. ఈసారి అతను తన పక్క కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"గోడ చూస్తున్నారేంటి సార్? నామీద కోపమా?"

మొదలుపెట్టమని చెయ్యి ఊపాడు. ఎదురుగా పెచ్చులూడిన సున్నం. వెనక నిశ్శబ్దం. మెడ దానంతట అదే తిరగబోయింది. రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకున్నాడు.

"ఇది కాదా... మరి ఇదా... ఇదేనా సార్?" వెనక కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత బండి కదిలినట్టు తెర చేసే చప్పుడు.

"పోయింది సార్! మరకలతోనే పోయింది! అసలా బాణం ఏ తలమాసినవాడు పెట్టాడు, చీమ తలకాయంత!" అని, చటుక్కున ఆగాడు. "మీరే కదూ?"

"నేనే" అన్నాడు అతను ఇటు తిరిగి. సిగ్గుగా ఉంది. విచిత్రంగా, గుండె తేలికగానూ ఉంది. ఇన్ని రోజుల్లో తన తెర గురించి విన్న మొదటి నిజం అదే. "ఇంకా ఏమున్నాయి, అన్నీ తిట్టండి."

"నిజంగా తిట్టమంటారా?"

అతను ఫోను తీసి మేనేజరుకి చెప్పాడు: పాత పరీక్షలేవీ చెల్లవని, తన మొహం చూసి గట్టెక్కారని, సోమవారం కుదరదని. అవతలినుంచి కేకలు మొదలయ్యాయి. ఈలోగా మేస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, కుర్చీ తెరకి దగ్గరగా జరుపుకున్నాడు.

"ముందు ఈ పచ్చబటన్ సంగతి చూడండి సార్" అన్నాడు, అతనివైపు చూడకుండానే.