పొగగొట్టం వేడి

రెండు మొద్దులు పొయ్యిలోకి తోసి, బిక్షం ఇనుప తలుపును కాలితో మూశాడు. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు పైకి లేచేదాకా దానివంకే చూశాడు.

శంషాబాద్ హోటళ్ల దుప్పట్లు ఉతికే ఆ కార్ఖానాలో పదిహేడేళ్లుగా బాయిలర్ అతనిదే. ముంజేతుల మీద వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయాయి. మంటవైపు ఉండే ఎడమ చెంప, కుడి చెంపకన్నా నల్లబడింది.

వారం కిందట ప్రియదర్శిని అనే ఇంజనీరమ్మాయి వచ్చి పొగగొట్టానికి అరచేయంత పలకలు బిగించింది. పలకకు ఒకవైపు వేడి, మరోవైపు చన్నీళ్లు తగిలితే కరెంటు పుడుతుందట. గొట్టం ఎక్కడ బాగా కాలుతుందో ఆమె వెతుకుతుంటే, బిక్షం జానెడు దూరంలో అరచెయ్యి ఆడించి చోటు చూపించాడు. మీటరూ అదే చెప్పింది. ఆమె అతని పేరు అడిగి పుస్తకంలో రాసుకుంది.

ఈ ఉదయం ఆ తీగలను చిన్న ఫ్యానుకు కలిపింది. రెక్కలు తిరిగాయి. ఎన్ని ఎండాకాలాలు అడిగినా ఈ రేకుల గదికి ఫ్యాను రాలేదు. గాలి ముఖానికి తగిలేసరికి బిక్షం అలవాటు లేక పక్కకు జరిగాడు.

ఊరికే ఆకాశానికి పోయే వేడిలో కొంతైనా ఇలా వాడుకుంటే కరెంటు కోసం బొగ్గు కాల్చడం తగ్గుతుందని, ఎండలు ఇంతగా ముదరకుండా అదీ ఒక సాయమని ఆమె చెప్పింది. రెండేళ్ల కిందట ఎయిర్‌పోర్టు రోడ్డు మొక్కలకు నీళ్లు పోస్తూ అతని భార్య శివమ్మ వడదెబ్బకు పోయింది. బిక్షం తలెత్తి పొగగొట్టం వంక చూశాడు.

"గిన్నేండ్లు నేను మీదికి ఇడిసిన వేడంత ఏడికి వోయింది బిడ్డా?"

"అది మీ ఒక్కరిదే కాదండీ," అంది ఆమె.

"నాది గూడ ఉన్నది గద."

ఆమె లెక్కలు రాసుకుని అత్తాపూర్‌లోని ఆఫీసుకు వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి బిక్షంకు ఛాతీ బరువెక్కింది. స్టూలు లాక్కుని ఫ్యాను ఎదుట కూర్చున్నాడు. ఈసారి పక్కకు జరగలేదు.

దుప్పట్లు ఇస్త్రీ చేసే గౌసియా, ఆవిరి రాక యంత్రం చల్లబడిందేమిటని బాయిలర్ గదికి వచ్చింది. "బిక్షమన్నా" అని రెండుసార్లు పిలిచి, భుజం తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది. పొయ్యిలో నిప్పులు బూడిదవుతున్నాయి. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి.

తలుపు పక్కన మేకుకు అతను ఇంటికి వేసుకుపోయే తెల్లచొక్కా, చెమట అంటకుండా, ఉతికిన మడతలతో వేలాడుతోంది.