నాలుక కింద మాత్ర

లోకో షెడ్డు ఫిట్టర్ బంగార్రాజు నోరు మూసుకుని ఉండగా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరూ చూసి ఎరగరు. తాత సాలూరు నుంచి వచ్చి ఇక్కడ గ్యాంగులో చేరిన వైనం మొదలుపెడితే వినేవాడి టీ చల్లారి తీరాల్సిందే. అంతటి మనిషీ నడుంనొప్పికని పట్టిన క్యాప్సూళ్ల సంగతి మాత్రం మూడేళ్లపాటు ఎవరితోనూ అనలేదు.

మొదట్లో పొద్దునొకటి, సాయంత్రమొకటి. నొప్పి తగ్గాక మానేద్దామంటే ఒళ్లు ఒప్పుకోలేదు. మే నెలలో, వ్యాపార్ విహార్ బజారులో డాక్టరు చీటీ అడగకుండా మందులమ్మే దుకాణానికి తాళం పడింది. మర్నాటికి బంగార్రాజుకు తుమ్ములు, ఆవలింతలు, ముక్కు కారడం. బయట రోళ్లు పగిలే ఎండ కాస్తుంటే ఆయన రగ్గు కప్పుకుని వణుకుతున్నాడు. భార్య అసిరమ్మ దిష్టి తీసింది, మిరియాల కషాయం పట్టింది. చివరికి రగ్గు దులిపితే ఖాళీ స్ట్రిప్పులు జలజలా రాలాయి. ఆమె వాటిని ఏరి సంచిలో వేసుకుంది. చెప్పులేసుకుని ఆటో పిలిచింది.

ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ మాధవీలతది వరంగల్. తెలుగు వినగానే బంగార్రాజుకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, కబురు కాలనీకి చేరిపోతుందని గుబులు పుట్టింది. రోజుకెన్ని వేసుకుంటారని ఆమె అడిగింది.

“నాలుగండి.”

ఆమె నాలుగని రాసుకుంది. అనుమానంగా చూడలేదు. నిద్ర పడుతోందా అని అడిగి, మంచినీళ్ల గ్లాసు ఆయన ముందుకు జరిపింది. బంగార్రాజు ఇరకాటంలో పడ్డాడు. నిలదీసేవాళ్ల దగ్గర అబద్ధమాడటం ఆయనకు చేతనవును గానీ, నమ్మేసేవాళ్ల దగ్గర ఎప్పుడూ ఆడి ఉండలేదు. గ్లాసు ఖాళీ చేసి, ఆరు అన్నాడు. ఆమె నాలుగు కొట్టేసి ఆరు రాసింది. తర్వాత పది అన్నాడు. అసిరమ్మ తిరుగుతున్న ఫ్యాను కేసి చూస్తూ కూర్చుంది.

“పద్దెనిమిదండి,” అన్నాడు చివరికి. “ఆదివారాలైతే ఇరవై.”

“అచ్ఛా. ఇది జబ్బు బంగార్రాజు గారూ. దీనికి మందుంది.”

షెడ్డుకు ఫోన్ చేస్తారేమోనని అడిగితే, మీరు చెప్పమంటే తప్ప ఎవరికీ చెప్పనంది. క్యాప్సూళ్లు ఆపి, ఒళ్లు ఇలా వణకడం మొదలయ్యాకే ఆ మందు మాత్ర ఇవ్వాలట. దాన్ని ఆయన నాలుక కింద పెట్టించి, కరిగేదాకా మింగకూడదనీ, పది నిమిషాలు మాట్లాడకూడదనీ చెప్పింది.

ఆ మాటతో అసిరమ్మ ముఖం విప్పారింది. ఇరవయ్యారేళ్ల కాపురంలో ఆమెకిలాంటి అవకాశం రాలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని మొదలుపెట్టింది. ఫిట్టరు ఇంట్లో ఎనిమిది నెలలుగా కుళాయి కారుతోందంది. మరిది ముందు తన పులుసును వెక్కిరించిన సంగతి తీసింది. బంగార్రాజు చేతులతో ఏదో చెప్పబోతే, సైగలు కూడా మాటల కిందికే వస్తాయంది. మొదటి రెండు వారాలూ రోజూ ఆసుపత్రికి రావాలి. ఏ రోజు ఏం మాట్లాడాలో ఆమె ఇంటి దగ్గరే ఆలోచించుకుని వచ్చేది.

ఐదో రోజు మాత్రం గొంతు తగ్గించింది.

“నువ్వు కూకున్న కాడే తూలిపోతుంటే, ఊపిరాడతందో లేదోనని ముక్కు కాడ సెయ్యెట్టి సూసీదాన్ని. ఎవులికి సెప్పుకోను?”

ఆయన దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. మాత్ర కరిగేసరికి అది ఎందుకూ పనికిరాదని ఆయనకే అర్థమైంది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఆటోలో కూడా మాట్లాడకుండా ఇంటికి వచ్చాడు.

రెండు నెలల్లో మనిషి తేరుకున్నాడు. డ్యూటీకి వెళ్తున్నాడు, నడుముకు వ్యాయామాలు చేస్తున్నాడు, వారానికి సరిపడా మాత్రలు ఇంటికే ఇస్తున్నారు. అప్పుడే సాలూరులో మేనల్లుడి పెళ్లి వచ్చింది. బంధువుల మధ్య మూగవాడిలా కూర్చోవడానికి నామోషీ అనిపించి, ఆయన మాత్రలు బీరువాలోనే వదిలేసి వెళ్లాడు. రెండో రోజు తుమ్ములు పట్టుకున్నాయి. సంత దగ్గర దుకాణంలో మళ్లీ క్యాప్సూళ్లు కొన్నాడు.

తిరిగొచ్చాక, ఇంక తనను రానివ్వరనుకుంటూనే తల వంచుకుని డాక్టరు ముందు నిలబడ్డాడు. జరిగింది చెప్పాడు.

“మళ్లీ వచ్చారుగా, చాలు,” అంది మాధవీలత. మొదటి రోజులాగే వణుకు మొదలయ్యేదాకా ఆగి మాత్ర వేయించి, ఇకమీదట ఊరెళ్లినా వెంట పెట్టుకెళ్లమంది.

“మరి సుట్టాలకేటి సెప్పాలండి?”

మౌనవ్రతమని చెబుదామంది అసిరమ్మ, నవ్వకుండా.

కార్తీకంలో, ఊరి చివర తిఫ్రాలో కాలనీవాళ్ల గృహప్రవేశానికి వెళ్లినప్పుడు అదే చెప్పింది. బంగార్రాజు పీట మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆయన నోరు కట్టేసిందంటే అది మామూలు వ్రతం అయ్యుండదని కాలనీలోనే ఉండే ఎనభై ఏళ్ల అప్పయమ్మ వచ్చి కాళ్లకు దండం పెట్టబోయింది. ఆయన కంగారుగా కాళ్లు వెనక్కి లాక్కున్నాడే గానీ, మాట్లాడలేడు. అసిరమ్మ గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతోంది.

మాత్ర కరిగాక ఆయన అప్పయమ్మ పక్కకు జరిగి కూర్చున్నాడు.

“వ్రతమూ లేదు, ఏటీ లేదు పిన్నీ. మత్తు బిళ్లలు మానడానికి మందు ఏసుకుంటన్నాను.”

ముసలామె చుట్టూ చూసి ఇంకాస్త దగ్గరికి జరిగింది. తన అల్లుడు కూడా అలాగే ఉన్నాడనీ, తన్నినా మానలేదనీ, ఆ మందు వాడికీ ఇస్తారా అనీ మెల్లగా అడిగింది. సోమవారం పొద్దున్నే తానే వచ్చి తీసుకెళ్తానని బంగార్రాజు మాటిచ్చాడు. ఎవరూ తిట్టరని కూడా ముందే చెప్పి ఉంచమన్నాడు. వాడు నమ్మడంది అప్పయమ్మ. మొదట తానూ నమ్మలేదన్నాడు బంగార్రాజు.