పద్నాలుగో నిమిషం

ఆఫీసులో ఆమెకు అందరూ పెట్టిన పేరు చాదస్తం. ముఖం మీదే అనేవారు, ఆమె నొచ్చుకునేది కాదు. రికార్డింగ్ యంత్రాలు తయారుచేసే ఆ చిన్న కంపెనీలో, ధ్వనిని ఫైళ్లుగా మార్చి డిస్కు మీద భద్రపరిచే ప్రోగ్రామంతా ఆమె చేతిలోనే ఉంది. అందులో ఒక్క లైను వంకరగా కనిపించినా ఆమెకు ముద్ద దిగదు. అదిగో, ఆ చాదస్తమే కొంప ముంచింది.

పొద్దున్నే టేపులాయన ఫోన్ చేశాడు. పాత టేపుల్లో అరిగిపోయిన గొంతులను బాగుచేసి ఇచ్చే ముసలాయన ఆయన.

"మీ యంత్రం పద్నాలుగో నిమిషంలో బిగుసుకుపోయిందమ్మా. స్పీకరు కూడా మూగబోయింది. నేను పరుగెత్తుకొచ్చి ఆపేలోపు టేపు మాత్రం ఆగకుండా చివరిదాకా తిరిగేసింది."

"మళ్లీ ఎక్కించండి బాబాయ్ గారూ, ఏమైందో నేను చూస్తా."

"ఇది మా ఆవిడ టేపు. పూత పొడిపొడిగా రాలిపోతోంది. ఇంకొక్కసారి తిరిగితే అదే ఎక్కువ."

ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. ఆయన ఓడల మీద రేడియోలు బాగుచేసే రోజుల్లో, ఆవిడ ఉత్తరం రాయడానికి బద్ధకించి, టేపులో మాట్లాడి పంపేదట. మిగిలింది ఇదొక్కటే. ముప్ఫై ఏళ్ల కిందట విన్నాడు, చివర ఏమందో గుర్తు లేదు. అంత అరిగిన టేపును ఎనిమిది తలలతో, అంటే టేపును తాకి ధ్వనిని పట్టే హెడ్లతో, ఒకేసారి చదవగలిగేది వీళ్ల యంత్రమే కాబట్టి, ఇంకోదానితో పని జరగదు.

యంత్రం ఎక్కడ చిక్కుకుందో చెప్పే జాబితాను ఆయన పంపాడు. చూడగానే చాదస్తానికి తప్పు తనదేనని తెలిసిపోయింది.

ఆ ప్రోగ్రాములో ఇద్దరు పనివాళ్లు ఉన్నారనుకోండి. ఒకడు నింపేవాడు. వచ్చిన ధ్వనిని పేజీల్లో నింపుతాడు, నింపుతున్న పేజీకి తాళం వేసుకుంటాడు. రెండోవాడు మోసేవాడు. నిండిన పేజీలను డిస్కుకు మోస్తాడు, ఏం మోస్తున్నాడో ఒక చిట్టాలో రాసుకుంటాడు. ఆ చిట్టా ఒక్కటే ఉంది, నింపేవాడూ అందులోనే రాయాలి. మోసేవాడు చిట్టా చేతిలో పట్టుకుని పేజీ తాళం కోసం నించున్నాడు. నింపేవాడు పేజీ తాళం చేతిలో పట్టుకుని చిట్టా కోసం నించున్నాడు. ఇక ఇద్దరూ అలా నించోవాల్సిందే, యుగాలు గడిచినా సరే.

మొదట అలా రాయలేదు. రాసింది పెద్దాయన, ఆమెకు ఈ పని నేర్పి రిటైరైన మనిషి. ఆయన రాసిన మోసేవాడు తాళం వేసున్న పేజీ కనిపిస్తే ఆగేవాడు కాదు. దాన్ని వదిలేసి తర్వాతిదానికి పోయేవాడు, మరో విడతలో మళ్లీ వచ్చి తీసుకునేవాడు. చాదస్తానికి అది బద్ధకంగా కనిపించింది. పని మధ్యలో వదిలేయడమేమిటని, తాళం దొరికేదాకా ఆగి తీరాలని మార్చేసింది. రెండేళ్లు ఏ గొడవా లేదు. ఎనిమిది తలలూ ఒకేసారి పోటెత్తిన ఈ రోజుదాకా.

పెద్దాయనకు ఫోన్ చేసింది. తిడతాడనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"మీరు వద్దన్నారు. నేనే వినలేదు."

"వద్దన్నాను, తర్వాత సరేనన్నాను కదా. తిట్లు సగం సగం పంచుకుందాం," అన్నాడాయన. "నువ్వు పాత పద్ధతి తిరిగి పెట్టి, ఎనిమిది తలలతో పరీక్ష నడిపించు. ఆ లోపు నేను మిగతా ప్రోగ్రామంతా వెతుకుతా. ఆ ఆగే బుద్ధి ఇంకెక్కడైనా దూరిందేమో చూడాలి."

రిటైరైన మనిషి, ఎవరూ అడక్కుండా, మూడు గంటలు వెతికాడు. దొరికింది. ఫైలు పొడవు పెంచేచోట అదే ఆగడం, అదీ ఆమె చేతి పనే. ఆమె పరీక్షలో అది బయటపడనే లేదు. ఆయన చూడకపోతే ఆ ఒక్క టేపూ గాలికి పోయేది. చాదస్తం దాన్నీ సరిచేసి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని కాసేపు ఏడ్చింది.

"ఏడుపు తర్వాత. ముందు వెళ్లు," అన్నాడాయన.

మధ్యాహ్నం టేపులాయన గదిలో, బల్ల మీద యంత్రం, పక్కన మూత తీయని టిఫిన్ క్యారియర్. పొద్దుట్నించీ ఆయన ఏమీ ముట్టలేదు. టేపు మెల్లగా తిరగడం మొదలైంది. గోధుమరంగు పొడి తెల్ల గుడ్డ మీద రాలుతోంది. పన్నెండు. పదమూడు. ఆయన బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. పద్నాలుగు వచ్చింది, దాటింది.

గరగరల మధ్య ఒక ఆడగొంతు తీరిగ్గా మాట్లాడుతోంది.

"ఇంకో మాట. నా మీద బెంగతో మీరు సరిగ్గా తినట్లేదని మీ వంటాయన రాశాడు. మీరొచ్చేదాకా నేనూ సరిగ్గా తిననని ఒట్టేసుకున్నాలెండి. మీరక్కడ, నేనిక్కడ, ఇలా కూర్చుంటే ఎవరికి లాభం? ఆకలేస్తే తినెయ్యండి. నేనూ తినేస్తా. వచ్చాక కలిసి తిందాం."

టేపు అయిపోయి చివర టపటపా కొట్టుకుంది. చాదస్తం యంత్రాన్ని ఆపి, మళ్లీ వెలిగించి, డిస్కు మీది ఫైలు తెరిచి మొదట్నించీ చివరిదాకా వినిపించింది. అంతా ఉంది. ఒక్క మాట పోలేదు.

టేపులాయన కళ్లు తుడుచుకుని టిఫిన్ క్యారియర్ మూత తీశాడు. ఒక గిన్నె ఆమె వైపు జరిపాడు.

"తినమ్మా. ఆవిడ చెప్పింది కదా."

చాదస్తం మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోయి, ఆగి, ఎడంచేత్తో పెద్దాయనకు ఫోన్ కలిపింది.

"టేపు దక్కింది. మీ పుణ్యమే. భోజనం చేశారా మీరు?"

"లేదు. నీ ఫోను కోసం చూస్తున్నా."

"తినెయ్యండి," అంది చాదస్తం. "ఆదివారం వస్తా, కలిసి తిందాం."