కింది ఆకు

మా కొరియాలో అన్నంలో నంజుకునే కెన్నిప్ ఆకుల్ని ఊరబెట్టాలంటే ఒక్కొక్కటే కడగాలి. ముందువైపు, వెనకవైపు, తొడిమ దగ్గరి మట్టి. తర్వాత ఒక్కో ఆకుకీ సోయా సాస్‌లో కలిపిన కారం, వెల్లుల్లి పూసి, మీద మరో ఆకు పరచాలి. డబ్బా నిండేదాకా ఇదే పని. పగలంతా మా ఊరు గుమ్సాన్ తోటల్లో ప్లాస్టిక్ పందిరి కింద వంగి కోసేదీ ఈ ఆకే, సాయంత్రం వంటింట్లో కూర్చుని కారం పూసేదీ ఈ ఆకే. కొన్నాళ్లుగా కుడి మణికట్టు గరిటె కూడా ఎత్తనివ్వడం లేదు. "ఆకు కోస్తే చెయ్యి నొప్పేంటే, అదేమన్నా బండరాయా?" అన్నాడు మా ఆయన టేగున్, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఈ ఆదివారం సియోల్ నుంచి మరిది, తోడికోడలు హ్యేజిన్ వచ్చారు. అందరం భోజనానికి కూర్చున్నాం. ఊరిన ఆకులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. చాప్‌స్టిక్స్‌తో ఒకటి తీయాలంటే పక్కవాళ్లు తమ పుల్లలతో కింది ఆకుని నొక్కి పట్టాలి. మా ఇంట్లో ఆ పక్కవాళ్లు ఎప్పుడూ నేనే. అత్తయ్యకి పట్టాను, మరిదికి పట్టాను. నా అన్నం చల్లారిపోయింది. హ్యేజిన్ ఆకు తీయబోతే మాత్రం మా ఆయన చటుక్కున పట్టాడు. "సిటీ అమ్మాయివి, నీకు అలవాటుండదులే" అని నవ్వు కూడాను. కుళ్లుకున్నానని కాదు. ఆయనకి పట్టడం వచ్చని పాతికేళ్లకి తెలిసినందుకు నాకు ఒళ్లు మండింది.

చివరికి నేనూ ఒకటి తీయబోయాను. కింది ఆకు ఎవరూ పట్టలేదు, మూడు ఆకులు కలిసి వచ్చాయి.

"మూడేసి తింటే డబ్బా ఎన్నాళ్లొస్తుందే, కోడలా?" అంది అత్తయ్య. "వీళ్లకి రెండు డబ్బాలు కట్టు. చలికాలానికి ఇంకో నాలుగు పెట్టు."

"పెడుతుందిలే అమ్మా" అన్నాడు మా ఆయన. నన్నెవరూ అడగలేదు.

హ్యేజిన్ ఒక్కతే నా చేతి వంక చూసింది. "అక్కా, వాచిపోయిందే" అంది మెల్లగా. ఆ ఒక్క మాటకే ఏడుపొచ్చింది.

మా ఆయన ఆకు కోసం పుల్లలు దించాడు. దొంతర మొత్తం లేచింది. అలాగే గాల్లో ఆపి నా వైపు చూశాడు.

"పట్టవే."

నేను నా పుల్లలు కింద పెట్టేశాను. ఏప్రన్ జేబులోంచి కారం మరకల రబ్బరు తొడుగులు తీసి ఆయన అన్నం గిన్నె పక్కన పెట్టాను.

"పట్టడం వచ్చుగా మీకు. పూయడం కూడా వస్తుంది. చలికాలం డబ్బాలు మీరే పెట్టండి."