గడువు తీరకముందే

కూతురు భవానితో మాట్లాడటానికి బొజ్జయ్యకు నోటితో ఎప్పుడూ పని పడలేదు. ఆ పిల్లకు పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. మూడో ఏట తల్లి జ్వరం వచ్చి పోయింది. అప్పటి నుంచి చింతలగుంపులో ఆ ఇంట్లో తండ్రీ బిడ్డా ఇద్దరే. పోడు చేనుకు పోయినా, ఎండాకాలం తునికాకు కోతకు పోయినా బొజ్జయ్య పిల్లను భుజానెత్తుకునే పోయేవాడు. అట్లా తిరగ్గా తిరగ్గా వాళ్ళిద్దరి మధ్యా ఒక చేతుల భాష పుట్టింది. నుదుటి మీద వేలు తిప్పితే అమ్మ. తల్లికి అక్కడ పచ్చబొట్టు ఉండేది. కుడి కనుబొమ మీద గీత గీస్తే నాన్న, అక్కడ గొడ్డలి తగిలిన మచ్చ ఉంది కాబట్టి. వేళ్ళన్నీ కిందికి రాలిస్తే వాన. అదే వాన గుండె దగ్గర కురిస్తే దుఃఖం.

తరువాత భవాని ఖమ్మంలో చెవిటి పిల్లల బడిలో చేరి అక్కడి సైగలు నేర్చుకుంది, చదవడం రాయడం నేర్చుకుంది. అదే బడిలో చదివిన వీరబాబును పెళ్ళి చేసుకుంది. అతనికీ వినపడదు. ఇద్దరూ ఖమ్మంలోనే ఒక గది కిరాయికి తీసుకున్నారు. అతను కారం మిల్లులో, ఆమె బట్టలు కుట్టే కంపెనీలో పనికి కుదిరారు. ఎంత చదివినా సెలవులకు ఊరికొస్తే మాత్రం తండ్రితో పాత భాషే. ఆ భాష తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే ఇద్దరు.

పెళ్ళయిన నెలకు భవాని తండ్రిని భద్రాచలం తీసుకుపోయి ఫోను ఇప్పించింది. మామూలు ఫోను వాళ్ళకు పనికిరాదు కదా, మొహాలు కనపడే ఫోను కావాలి. దుకాణం చందూలాల్ ఒక ఫోను చూపించాడు. తక్కువకే వస్తుంది, కాకపోతే రెండేళ్ళపాటు నెలనెలా నెట్ ప్లాను తప్పనిసరిగా కట్టాలి, మధ్యలో ఆపితే ఫోను లాకైపోతుంది. భవాని ఆ కాగితమంతా చదివి, సరేనని తల ఊపి, నెలనెలా తన ఖాతాలోంచి పోయేటట్టు పెట్టించింది. ఫోను మాత్రం బొజ్జయ్య పేరు మీదే తీసుకుంది.

చింతలగుంపులో మాటల వరకే సిగ్నల్, నెట్ అందదు. ఆశ్రమ బడి వెనక మిట్ట మీదికి పోతే అందుతుంది. ఆదివారం పొద్దున పది గంటలకు బొజ్జయ్య తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఆ మిట్ట మీద కూచునేవాడు. ఫోనును రాయికి ఆనించి నిలబెట్టేవాడు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి. అటువైపు వెళ్ళే ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. చప్పుడు లేకుండా ఒక మనిషి రాయితో అంతసేపు నవ్వుతూ మాట్లాడటం వాళ్ళకు వింతగా ఉండేది.

ఫోను కొని ఏడాది దగ్గరపడుతుండగా బొజ్జయ్య చూపులో తేడా మొదలైంది. మొదట పక్కలు కనిపించడం మానేశాయి. నడుస్తుంటే భుజం గుంజలకు తగిలేది. తరువాత ఎదురుగా మంచు దిగినట్టయింది. చెల్లెలు భీమక్క పోరు పెట్టి భద్రాచలం పెద్ద దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరమ్మ చాలాసేపు చూసి, నీటికాసులు అని చెప్పింది. కంటి నరం ఎండిపోయిందని, పోయిన చూపు రాదని, చుక్కల మందు వేసుకుంటే ఉన్నదైనా కొన్నాళ్ళు నిలుస్తుందని చెప్పింది.

"భవానికి చెప్పకు," అన్నాడు బొజ్జయ్య, బయటికొచ్చి బెంచీ మీద కూచోగానే.

"చెప్పకుంటే ఎట్ల అన్నా? దానికి తెల్వకుంట ఉంటదా?"

"పిల్లకు మూడో నెల. తెలిస్తే పని ఇడిసి వచ్చి ఈడ కూసుంటది. కానుపు అయినంక నేనే చెప్త."

భీమక్క మందు చీటీ కొంగున ముడేసుకుంది. మొగుడు చనిపోయాక వచ్చి ఆమె అన్న పంచన ఉంటోంది. అతని మాటకు ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

ఆదివారాలు మాత్రం ఆగలేదు. కాలి అలవాటు మీద బొజ్జయ్య మిట్ట ఎక్కేవాడు. ఫోను మోగితే వేలితో తడిమి నొక్కేవాడు. తెర మీద తెల్లటి మరకేదో కదిలేది. అదే బిడ్డ అనుకునేవాడు. ఏం చెబుతోందో తెలియదు. అయినా కూతురు ప్రతి వారం అడిగేవేగా అని తిన్నాను, బాగున్నాను, వాన పడింది, మిర్పకు పూత వచ్చింది అని వరసగా చేతులతో చెప్పేవాడు. మధ్యమధ్య తల ఊపి నవ్వేవాడు. రెండు నెలలు అట్లా గడిచిపోయాయి.

ఆ ఆదివారం భీమక్క పత్తి ఏరడానికి పోయింది. బొజ్జయ్య ఒక్కడే మిట్ట మీదున్నాడు. తెర మీద మరక ఎప్పటికంటే నెమ్మదిగా కదిలింది. చాలాసేపు కదిలింది. ఇంతసేపు చెబుతోందంటే కడుపులో పిల్ల కదులుతున్న సంగతే అయ్యుంటుందనుకున్నాడు బొజ్జయ్య. అతనికి సంతోషం పట్టలేదు. పళ్ళన్నీ కనిపించేటట్టు నవ్వాడు. మంచిది, చాలా మంచిది, నా కడుపు నిండింది అని రెండు చేతులూ ఎత్తి చెప్పాడు. ఒళ్ళో పాపను ఊపుతున్నట్టు చేతులు ఊపి చూపించాడు.

మరక కదలకుండా ఉండిపోయింది. కాసేపటికి తెర నల్లబడింది. సిగ్నల్ పోయిందనుకుని ఇంటికి వచ్చేశాడు.

తరువాత ఆదివారం ఫోను మోగలేదు. ఆ పై ఆదివారమూ మోగలేదు. మూడో వారం నడుమ భీమక్క దగ్గరున్న నొక్కుల ఫోనుకు శ్రీదేవి చేసింది. శ్రీదేవి భవానితోపాటు కుట్టు పని చేసే అమ్మాయి, వాళ్ళ పక్క గదిలోనే ఉంటుంది, ఆమెకు వినపడుతుంది, వాళ్ళ సైగలూ కాస్త తెలుసు. భీమక్క విని, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నేల మీద చతికిలబడింది.

"ఏమైంది?" అన్నాడు బొజ్జయ్య.

"పిల్లకు కడుపు నిలువలేదంట అన్నా. ఐదో నెల. దవాఖానల నాలుగు రోజులుందంట." ఫోను చెవి నుంచి దించింది. "నీకు చెప్పిందంట. ఆదివారం. నువ్వు నవ్వినవంట."

బొజ్జయ్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తన రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని అట్లాగే కూచున్నాడు. భీమక్క అన్నం పెట్టినా ఆ చేతులు బయటికి తియ్యలేదు.

మరునాడు మొదటి బస్సుకు ఇద్దరూ ఖమ్మం బయల్దేరారు. గది తలుపు తీసింది భవానే. తండ్రిని చూసి మొహం తిప్పుకుని లోపలికి పోయి గోడవైపు తిరిగి కూచుంది. బొజ్జయ్య గడప ఎక్కడుందో కాలితో వెతుక్కున్నాడు. చెయ్యి చాపి తలుపు రెక్క పట్టుకోబోతే దొరకలేదు. భీమక్క అతని మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

భవాని తిరిగి చూసింది. లేచి వచ్చి తండ్రి మొహం ముందు అరచెయ్యి పెట్టింది. ఎడమకు జరిపింది, కుడికి జరిపింది. ఆ కళ్ళు చేతి వెంట రాలేదు. భీమక్క వైపు చూసింది. భీమక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

అప్పుడు భవాని తండ్రిని కూచోబెట్టి, అతని చేతులను తన చేతులతో పట్టుకుంది. అతని అరచేతిని తన పొట్ట మీద ఆనించింది. తరువాత అతని వేళ్ళు తన గుండె దగ్గరికి తీసుకుపోయి కిందికి రాల్చింది. ఒకసారి కాదు, వాన కురుస్తున్నట్టే చాలాసేపు. బొజ్జయ్యకు ఒక్క మాట కూడా పొల్లుపోకుండా తెలిసింది. నోటితో చెబితే ఆమెకు వినపడదని తెలిసీ, "తప్పయింది బిడ్డా, కనపడలే బిడ్డా," అని అంటూనే ఉన్నాడు.

భీమక్క ఆ సాయంత్రమే ఊరికి పోయింది గానీ, బొజ్జయ్య నాలుగు రోజులున్నాడు అక్కడ. చెయ్యి చేతిలో ఉన్నంతసేపూ మాటకు లోటు లేదు. చెయ్యి వదిలితే మాత్రం ఎవరి లోకం వాళ్ళది. అతను పిలిస్తే వాళ్ళిద్దరికీ వినపడదు, వాళ్ళు చెయ్యి ఊపితే అతనికి కనపడదు. మూడో రోజు భార్యాభర్తలిద్దరూ పనికి పోయినప్పుడు మెట్ల మీద జారి మోకాలు కొట్టుకున్నాడు. చింతలగుంపులోనైతే ప్రతి రాయీ తెలుసునని, అక్కడ భీమక్క ఉందని చెప్పి, వీరబాబును తోడు తీసుకుని ఊరికి వచ్చేశాడు.

ఆ తరువాత రెండు ఆదివారాలు భీమక్కను మిట్ట మీద పక్కన కూచోబెట్టుకుని ప్రయత్నం చేశాడు. తెర మీద భవాని చేతులు కదిలిస్తే భీమక్క చెప్పాలి.

"నెత్తి ముట్టుకున్నది. కాదు, చెవి. మల్ల చెయ్యి ఇట్ల తిప్పింది... నాకు తెల్వది అన్నా. తిన్నవా అంటే తెలుస్తది గని, ఇవన్ని నాకు తెల్వయి."

"మొహం ఎట్లున్నది?"

భీమక్క జవాబు చెప్పలేదు. తెర మీద భవాని ఏడుస్తోంది. ఫోనుకు కాస్త పక్కగా, ఎక్కడో చెట్ల వైపు తిరిగి ఉన్న తండ్రి మొహాన్ని చూస్తూ ఏడుస్తోంది. ఆ మౌనం బొజ్జయ్యకు చాలు. నా గుడ్డి మొహం చూపించి పిల్లను వారం వారం ఏడిపించడమెందుకు అనుకున్నాడు.

అన్నాచెల్లెళ్ళిద్దరూ భద్రాచలంలో ఫోను దుకాణానికి వెళ్ళారు. చందూలాల్ గుర్తుపట్టాడు.

"ఏమైంది పెద్దాయనా, ఫోన్ ఖరాబైందా?"

"ఫోన్ మంచిగనే ఉంది. నా కండ్లే ఖరాబైనయి. ఈ నెట్టు ఆపెయ్."

చందూలాల్ కంప్యూటర్‌లో చూశాడు. "ఇంక పది నెలలుంది పెద్దాయనా. ఇప్పుడు ఆపితే ఫోన్ లాక్ అయితది. మల్ల దేనికీ పనికిరాదు."

"కానియ్."

"నెట్ లేకుంట ఉత్త మాటల ప్లాన్ పెడదామంటే ఈ ఫోన్‌కు కుదరదు."

"ఉత్త మాటలు నేనేం జేస్కోను? నా బిడ్డకు ఇనపడదు."

చందూలాల్‌కు జాలేసింది. ఫోను తీసుకుని ఏవో నొక్కాడు. "ఒక్కటి చూడుండ్రి. మీ బిడ్డ రాసి పంపితే ఇది పైకి చదువుతది. కండ్లతోని పని లేదు. ఫోన్ కొన్ననాడు మీ బిడ్డ రాసి చూసిన మెసేజులున్నయి, ఇనుండ్రి."

ఫోనులోంచి ఒక ఆడగొంతు వచ్చింది. పట్నపు గొంతు, నున్నగా ఉంది. "నాన్న. అన్నం తిన్నావా. నాన్న. వాన వచ్చిందా."

బొజ్జయ్య ఉలిక్కిపడి అటూ ఇటూ తల తిప్పాడు. "ఎవలామె?"

"ఎవలు గాదు, మిషన్ గొంతు."

గొంతు మళ్ళీ నాన్న అంది. పుట్టి ఇరవై నాలుగేళ్ళయినా ఆ పిల్ల నోటి నుంచి ఆ మాట అతను ఎన్నడూ వినలేదు. ఇప్పుడు ఎవరో ఊరూ పేరూ లేని మనిషి అంత తేలిగ్గా అంటుంటే గొంతు వచ్చేవైపు చెయ్యి చాపి ఫోనును అరచేత్తో మూసేశాడు.

"ఆపయ్యా. నా బిడ్డకు గొంతు లేదు. ఎవలదో తెచ్చి పెట్టకు."

చందూలాల్ ఆపేశాడు. "మరి ఆపుతున్నట్టు ఆమెకు ఎరికేనా? పైసలు కట్టేది ఆమెనే గద."

"ఎరికే," అన్నాడు బొజ్జయ్య. భీమక్క అన్న మొహంలోకి చూసింది.

ఆపాలంటే ఫోను ఎవరి పేరు మీదుందో వాళ్ళ మొహం కెమెరాకు చూపించాలి, రెండు కళ్ళూ మూసి తెరవాలి. కెమెరా ఎక్కడుందో బొజ్జయ్యకు తెలియదు. చందూలాల్ ఇటు చూడమంటే అటు చూశాడు. రెండుసార్లు తప్పయింది. మూడోసారి భీమక్క గడ్డం పట్టుకుని తల కదలకుండా ఆపింది. బొజ్జయ్య కళ్ళు మూసి తెరిచాడు. ఈసారి మిషన్ ఒప్పుకుంది. సాయంత్రానికి ఫోను లాకైపోయింది.

ఆపేసినట్టు భవాని ఫోనుకు మెసేజు పోయింది. ఆదివారం గడిచింది. సోమవారం మధ్యాహ్నం భవాని చింతలగుంపులో దిగింది. పనికి నాగా పెట్టి ఒక్కతే వచ్చింది. అరుగు మీదున్న తండ్రి చేతులు ఒడిసి పట్టుకుంది. ఆ పట్టులోనే కోపం తెలిసిపోయింది.

నీకు నేను కనపడను, అని చెప్పింది అతని వేళ్ళతో. అతని చేతిని అతని కళ్ళకు తాకించి, తన మొహానికి తాకించి, అడ్డంగా ఊపింది. ఆ తరువాత అదే చేతిని తన కళ్ళ మీద పెట్టుకుంది. అతని కనుబొమ మచ్చ మీద గీత గీసింది. నాకు నాన్న కనపడతాడు. నాన్న చేతులు కనపడతాయి. నువ్వు చెబుతుంటే నేను చూసేదాన్ని. అది ఎందుకు తీసేశావు?

బొజ్జయ్య ఆమె రెప్పలను వేలితో తడిమాడు. తాను చూడలేకపోతే మాట తెగిపోయినట్టే అనుకున్నాడు గానీ, అటువైపు రెండు కళ్ళు నిక్షేపంగా ఉన్నాయని అతనికి తట్టనే లేదు. చూపు పోయిన సంగతీ ఆమెను అడక్కుండానే దాచాడు, ఇదీ ఆమెను అడక్కుండానే తెంపేశాడు.

"మల్ల పెట్టియ్యరాదు?" అంది భీమక్క. ఆ సాయంత్రమే ఆమె చందూలాల్‌కు ఫోను చేసి అడిగింది. లాకయిన ఫోను ఇక తెరుచుకోదని, మధ్యలో తెగింది కాబట్టి అతని పేరు మీద గానీ పైసలు కట్టే భవాని పేరు మీద గానీ ఇంకో ఫోను ఇప్పట్లో ఇవ్వరని చెప్పాడు. పూర్తి ధర పెట్టి వేరేది కొనడం దవాఖానా ఖర్చులు మీద పడ్డ వాళ్ళకు అయ్యే పని కాదు. నెలకోసారి వస్తానని భవాని తండ్రి అరచేతిలో చెప్పింది. మిగతా రోజుల్లో ఏదన్నా ఉంటే శ్రీదేవి భీమక్కకు చెబుతుంది, భీమక్క అతనికి చెబుతుంది.

మంగళవారం పొద్దున ముగ్గురూ బస్సు ఆగేచోటికి నడిచారు. బస్సు వచ్చేదాకా భవాని తండ్రి చెయ్యి వదల్లేదు. వచ్చాక ఒక్కసారి గట్టిగా నొక్కి ఎక్కేసింది. ఏ కిటికీ దగ్గర కూచుందో బొజ్జయ్యకు తెలియదు. ఇంజను చప్పుడు వచ్చేవైపు తిరిగి నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు. తప్పయిందన్నాడు. వేళకు తినమన్నాడు. ఒళ్ళు జాగ్రత్త అన్నాడు. వేళ్ళు గుండె దగ్గరికి తెచ్చి నెమ్మదిగా కిందికి రాల్చాడు. మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.

భీమక్క చాలాసేపు చూసి, దగ్గరికొచ్చి అతని చేతులు మెల్లగా కిందికి దించింది.

"బస్సు ఎప్పుడో పోయింది అన్నా," అంది. "పద, ఎండెక్కుతున్నది."